సొట్ట ఖరీదెంత?

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మెట్ల పక్కన ఒక పిల్లర్ ఉంది. కట్టినప్పట్నించీ అక్కడే ఉంది పాపం, ఒక్క అంగుళం కూడా కదల్లేదు. అయినా మొన్న శ్రావణ శుక్రవారం పొద్దున్నే రైతుబజారుకి వెళ్ళి పూలూ పళ్ళూ తెచ్చి, కారు పార్కింగ్‌లో పెడుతుంటే అదే నా మీదకి నడిచొచ్చిందని నా నమ్మకం. కర్‌ర్‌ర్ మని చప్పుడు. ఆ చప్పుడు నా పళ్ళలో ఇంకా ఉంది.

దిగి చూస్తే ఎడమవైపు వెనక డోరు మీద అరచేతి వెడల్పు సొట్ట, చక్రం పైన రేకు మీద పొడుగాటి గీత, బంపర్ ఒక మూల లోపలికి పోయి ఉంది. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి "ఏం కాలేదు లెండమ్మా, కొంచెమే" అన్నాడు. ఆ "కొంచెమే" పది నిమిషాల్లో మూడంతస్తులూ ఎక్కేసింది. నేను లిఫ్టు దిగేసరికి పక్కింటావిడ "ఏంటండీ, కారు గుద్దారటగా?" అని అడిగింది.

మా ఆయన క్యాంపులో ఉన్నారు, ఆదివారం రాత్రికి గానీ రారు. నిజం చెప్పాలంటే నాకు మొదట వచ్చిన ఆలోచన ఆయనకి ఫోన్ చెయ్యాలని కాదు. నా పోపుల డబ్బా డబ్బు గుర్తొచ్చింది. కొత్త గ్రైండర్ కోసం దాచుకున్న 9,000 ఉన్నాయి. ఆయన వచ్చేలోగా షెడ్డులో పెట్టి బాగు చేయించేస్తే ఎవరికీ తెలీదు కదా? రెండేళ్ళ క్రితం నలభయ్యో ఏట డ్రైవింగ్ నేర్చుకుంటుంటే "ఇప్పుడెందుకమ్మా నీకు" అన్నవాళ్ళందరి మొహాలూ కళ్ళముందు వరసగా నిలబడ్డాయి.

పూజ హడావిడిగా ముగించి సందు చివర టింకరింగ్ షెడ్డుకి వెళ్ళాను. ఆ భాయ్ బంపర్‌ని వేలితో రెండుసార్లు కొట్టి చూశాడు. "బంపర్ మార్చుడు అక్కర్లేదమ్మా, వేడి చేసి లోపల్నుంచి నొక్కితే వస్తది. డోరు సొట్ట తీసి, లప్పం పెట్టి, రంగు కొడత. అంతా కలిపి 8,500 ఇయ్యండి" అన్నాడు. ఆదివారం లోపు ఇవ్వగలవా అంటే తల అడ్డంగా ఊపాడు. "రంగు ఆరాలె కదమ్మా. నాలుగు రోజులు."

అలా నా రహస్య పథకం రంగు ఆరక ఆగిపోయింది. ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే మా అమ్మాయి అంది కదా, "నేను గాజు గ్లాసు పగలగొట్టినప్పుడు నిజం చెబితే తిట్టనంటావు. నువ్వెందుకమ్మా నాన్నకి చెప్పడానికి భయపడుతున్నావ్?" అని. తొమ్మిదో తరగతి పిల్ల. ఏం సమాధానం చెప్పను? ఫోన్ చేశాను.

అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం. "నీకేం కాలేదు కదా?" అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. ఆ వెంటనే, "ఇన్సూరెన్స్ ఉందిగా, క్లెయిమ్ చేద్దాం. ఇన్నేళ్ళుగా కడుతున్నాం, ఒక్క రూపాయి వెనక్కి వచ్చిందా?" అన్నారు. ఈ మాట మీ ఇళ్ళల్లోనూ వినే ఉంటారు. ప్రీమియం అంటే బ్యాంకులో వేసిన డబ్బు అనీ, ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి లాక్కోవాలనీ మన మగవాళ్ళకే కాదు, మనకీ ఉంటుంది.

సోమవారం ఇద్దరం కలిసి పెద్ద సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాం. ఎస్టిమేట్ 14,500 వేశారు. కొత్త బంపర్ 3,500, టింకరింగ్ కూలీ 3,000, మూడు చోట్ల రంగు 8,000. "మీరు పెట్టేది చాలా తక్కువ సార్, మిగతాదంతా ఇన్సూరెన్సే" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "ముందు బంపర్ మీద పాత గీతలున్నాయి. అవి కూడా దీన్లోనే కలిపేద్దాం" అని కూడా అన్నాడు, కొసరు వేస్తున్నట్టు.

క్లెయిమ్ ఫారంలో 'ప్రమాద సమయంలో వాహనం నడిపినవారు' అని ఒక గడి ఉంటుంది. నేను పెన్ను తీస్తుంటే ఆ అబ్బాయి, "సార్ పేరు రాసెయ్యండి మేడం, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు. మా ఆయన కూడా చాలా మామూలుగా, "ఆ, నా పేరు రాసెయ్" అనేశారు.

ఆయన నా మీద జాలితోనే అన్నారు, నాకు తెలుసు. కానీ ఎందుకో నాకు ఆ పిల్లర్ గుద్దినప్పటికన్నా అప్పుడే ఎక్కువ నొప్పి పుట్టింది. నా దగ్గర లైసెన్స్ ఉంది. కారు నడిపింది నేను. సొట్ట కూడా నాదే! చెన్నైలో ఉన్న మనిషి హైదరాబాద్‌లో పిల్లర్‌ని ఎలా గుద్దుతాడు? పైగా ఆ అబద్ధం అవసరమే లేదు. మామూలు సొంత కారు పాలసీలో, యజమాని అనుమతితో సరైన లైసెన్స్ ఉన్నవాళ్ళు ఎవరు నడిపినా వర్తిస్తుంది. భార్య నడిపితే డబ్బు తగ్గించరు. భర్త నడపకుండా నడిపానని సంతకం పెడితే మాత్రం, అది బయటపడిన రోజున క్లెయిమే కొట్టేయొచ్చు. పాత గీతల్ని కొత్త ప్రమాదంలో కలపడం కూడా అంతే. కొసరు లాగా కనిపించే అబద్ధం అది.

"ఇవాళ వద్దులెండి, రేపు చెప్తాం" అని ఫారం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను. దారంతా మా ఇద్దరికీ మాటల్లేవు.

ఆ రాత్రి గిన్నెలు సర్దుకున్నాక పాలసీ కాగితం బయటికి తీశాను. ఆరేళ్ళుగా మా ఆయనే కడుతున్నారు, ఆయనే ఫైల్లో పెడుతున్నారు. నేను చూడటం అదే మొదటిసారి. బంగారం మజూరీ, తరుగు పైసాతో సహా లెక్కగట్టే మనం ఈ కాగితం జోలికి ఎందుకు పోమో! మా అమ్మాయి లెక్కల నోట్సులో చివరి పేజీ చింపి కూర్చున్నాను.

ముందు అర్థం చేసుకోవాల్సింది ప్రీమియంలో రెండు భాగాలుంటాయని. ఒకటి థర్డ్ పార్టీ. మన కారు వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి. చట్టం ప్రకారం తప్పనిసరి. రెండోది ఓన్ డ్యామేజ్, అంటే మన కారుకి జరిగే నష్టానికి. క్లెయిమ్ చెయ్యకుండా ఉంటే ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ ఈ రెండో భాగం మీదే తగ్గింపు. ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, వరసగా రెండేళ్ళయితే 25, మూడేళ్ళకి 35, నాలుగేళ్ళకి 45, అయిదేళ్ళకి 50. ఆపైన పెరగదు. ఒక్క క్లెయిమ్ చేస్తే, అది వెయ్యి రూపాయలదైనా లక్షదైనా, తర్వాతి ఏడాది మళ్ళీ సున్నా నుంచి మొదలు. వైకుంఠపాళిలో పెద్ద పాము మింగినట్టే.

మాది 2019లో కొన్న చిన్న కారు. ఒక్కసారీ క్లెయిమ్ లేదు కాబట్టి 50 శాతం మెట్టు మీద ఉన్నాం. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అయితే మేం కట్టేది 4,000. ఇప్పుడు క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది పూర్తి 8,000. ఆ పై ఏడాది 6,400. తర్వాత 6,000, 5,200, 4,400. ఆరో ఏటికి గానీ మళ్ళీ 4,000కి చేరం. ఏటేటా ఎక్కువ కట్టేది కూడితే 4,000, 2,400, 2,000, 1,200, 400. మొత్తం 10,000! దాని మీద 18 శాతం జీఎస్టీతో 11,800. కారు పాతబడే కొద్దీ ఆ ప్రీమియం కొంచెం తగ్గుతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ ఎంత ఉజ్జాయింపైనా పదివేల చుట్టుపక్కలే.

ఇక ఇన్సూరెన్స్ వాళ్ళు 14,500 మొత్తం ఇస్తారా అంటే అదీ లేదు. మాది మామూలు పాలసీ, జీరో డెప్ కాదు. అంటే వస్తువు పాతబడిందని తరుగు తీస్తారు. ప్లాస్టిక్, రబ్బరు వస్తువులకి సగం. కాబట్టి బంపర్‌లో 1,750 మాదే. రంగు బిల్లులో పావు భాగాన్ని సరుకు ఖరీదుగా లెక్కేసి దాన్లో సగం కోస్తారు, అంటే 1,000 మాదే. 1500 సీసీ లోపు కార్లకి ప్రతి క్లెయిమ్‌లో మొదటి 1,000 మనమే పెట్టుకోవాలి. వెరసి 3,750 మా జేబులోంచే. అదృష్టవశాత్తూ డోరు మార్చాల్సిన పని లేదు. మార్చాల్సి వస్తే ఆరేళ్ళ కారుకి రేకు సామాను మీద 40 శాతం తరుగు.

అంటే క్లెయిమ్ చేస్తే ఇప్పుడు 3,750, మెల్లమెల్లగా 11,800. మొత్తం 15,550. షెడ్డులో చేయిస్తే 8,500. అంతెందుకు, ఆ పెద్ద సర్వీస్ సెంటర్‌లోనే మా డబ్బుతో చేయించినా 14,500. 'ఉచితం' అనుకున్నదే అన్నిటికన్నా ఖరీదు!

ఆ కాగితం తీసుకెళ్ళి మా ఆయన ముందు పెట్టాను. రెండుసార్లు చూశారు. క్యాలిక్యులేటర్ తీసి మూడోసారి చూశారు. "ఇంత ఉందా దీన్లో" అన్నారు. అప్పుడు చెప్పాను, "డబ్బు సంగతి సరే. ఫారంలో మీ పేరు రాయమన్నారు చూశారా, అది నాకు నచ్చలేదు" అని. "నిన్ను ఎవరూ ఏమీ అనకూడదనే కదా" అన్నారు. "అననివ్వండి. నేను గుద్దిందాన్ని నేనే గుద్దానని చెప్పుకోలేకపోతే రేపు మళ్ళీ స్టీరింగ్ ఎలా పట్టుకుంటాను?" అన్నాను. ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే తాళం తెచ్చి నా చేతికిచ్చి, "షెడ్డుకి నువ్వే తీసుకెళ్ళు" అన్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించారా? మొదటిరోజు నేను అనుకున్నదీ షెడ్డే, చివరికి వెళ్ళిందీ షెడ్డుకే. కానీ మొదటిరోజు వెళ్ళింది సిగ్గుతో, దాచిపెట్టడానికి. అప్పుడు అది సరైన నిర్ణయమో కాదో నాకే తెలీదు. రిపేరు 60,000 అయ్యుంటే? తెలిసినవాళ్ళ దగ్గర చేబదులు తెచ్చయినా దాచిపెట్టేదాన్నేమో! మనలో చాలామంది చేసే పనే ఇది. మన వల్ల జరిగిన నష్టాన్ని మన చీటీ డబ్బుతో, గాజులు కుదవపెట్టి గుట్టుగా పూడ్చేస్తాం. క్లెయిమ్ చెయ్యాలా వద్దా అన్నది నోట్‌బుక్కులో తేలాల్సిన విషయం. అందులోకి సిగ్గు దూరితే లెక్క ఎప్పుడూ తప్పే వస్తుంది.

అలాగని క్లెయిమ్ చెయ్యడం తప్పని నేననడం లేదు. మా పిన్ని వాళ్ళది విజయవాడ, సింగ్‌నగర్ వైపు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు వాళ్ళ కారు సీట్ల పైదాకా మునిగిపోయింది. నీళ్ళు తీశాక మా తమ్ముడు చేసిన ఒకే ఒక్క మంచి పని, తాళం తిప్పకపోవడం. ఇంజన్‌లోకి నీళ్ళు పోయినప్పుడు స్టార్ట్ చేస్తే లోపల భాగాలు వంగిపోతాయి. అది వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగిందని, ఇంజన్‌కి విడిగా రక్షణ తీసుకోకపోతే ఆ డబ్బు ఇవ్వరు. ఫొటోలు తీసి, కంపెనీకి చెప్పి, బండిని లాగించుకుని వెళ్ళాడు. క్లెయిమ్ వచ్చింది. బోనస్ పోయింది. పోతే పోయింది! లక్షల్లో నష్టం ముందు ఆ బోనస్ ఎంత? ఆ పక్కింటివాళ్ళకి ఉన్నది థర్డ్ పార్టీ ఒక్కటే. "ఇన్సూరెన్స్ కట్టాం కదా" అని వాళ్ళు ఎంత మొత్తుకున్నా తమ కారుకి రూపాయి రాలేదు, ఎందుకంటే అది ఎదుటివాళ్ళ కోసం కట్టినది. ఇన్సూరెన్స్ ఉన్నది ఇలాంటి దెబ్బకి, మన ఇల్లు తట్టుకోలేని దెబ్బకి. పిల్లర్ గీతకి కాదు. ఏ దెబ్బా తగలకుండా ప్రీమియం పోయిందంటే ఆ ఏడాది మనం చల్లగా ఉన్నామనే అర్థం.

ఈ రెండింటి మధ్యలో ఉండేవాటికే బుర్ర పెట్టాలి. నా లెక్కలో తేలింది చెప్తాను. 50 శాతం మెట్టు మీద ఉన్నవాళ్ళకి ఒక క్లెయిమ్ ఖరీదు దాదాపు ఏడాదింపావు పూర్తి ఓన్ డ్యామేజ్ ప్రీమియం. కొత్త కారు, మొదటి ఏడాదిలోనే ఉన్నవాళ్ళకి పోయే బోనస్ తక్కువ, దాదాపు సగం ప్రీమియం. ఈ ఏడాది ఇప్పటికే ఒక క్లెయిమ్ చేసేసి ఉంటే పోవాల్సిన బోనస్ ఎలాగూ పోయింది. జీరో డెప్ ఉంటే తరుగు కొయ్యరు, కానీ బోనస్ మాత్రం పోతుంది. బోనస్ పోకుండా కాపాడే రక్షణ విడిగా తీసుకుని ఉంటే ఆ బాధా లేదు. కాబట్టి మీ అక్కకి సరిపోయింది మీకు సరిపోదు. ఎవరి కాగితం వాళ్ళు చూసుకోవాల్సిందే.

ఇంకో రెండు మాటలు. రిపేరు చేయించేశాక క్లెయిమ్ అడిగితే లాభం లేదు, వాళ్ళ మనిషి వచ్చి సొట్ట చూడాలి కదా. అందుకని సొట్ట పడ్డ రోజే ఫొటోలు తీసి, ఒకటి రెండు రోజుల్లోనే రెండుచోట్ల ఎస్టిమేట్ వేయించి నిర్ణయించుకోండి. అలాగే ఆ బోనస్ కారుది కాదు, యజమానిది. కారు అమ్మేసినా ఉత్తరం తీసుకుంటే మూడేళ్ళ లోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు. గడువు దాటి 90 రోజుల దాకా రెన్యూ చెయ్యకపోతే మాత్రం ఏ క్లెయిమూ లేకుండానే మొత్తం పోతుంది.

ఈ లెక్కలేవీ పనికిరాని చోటు ఒకటుంది. మన కారు ఇంకో మనిషికి తగిలితే. "ఏదో చిన్న దెబ్బ, చేతిలో రెండువేలు పెట్టి పంపేద్దాం" అనేవాళ్ళు పక్కన ఎవరో ఒకరు ఉంటారు. వినకండి. ముందు ఆసుపత్రి, తర్వాత పోలీసులకీ ఇన్సూరెన్స్‌కీ చెప్పడం. చట్టం చెప్పేదీ అదే. ఆ మనిషికి ఆ పూట కనపడని దెబ్బ నాలుగు రోజులకి బయటపడితే, వాళ్ళింట్లో కూడా మనలాంటి ఒక ఆడమనిషి పోపుల డబ్బా వెతుక్కుంటూ ఉంటుంది. అక్కడ బోనస్ గురించి ఆలోచించడం పాపం.

మా కారు అయిదో రోజున వచ్చింది. ఎండలో పరకాయించి చూస్తే డోరు రంగు పిసరంత ముదురుగా ఉంది. మా ఆయన "కనపట్టం లేదులే" అంటారు, నాకు కనపడుతూనే ఉంటుంది. గ్రైండర్ వచ్చే సంక్రాంతికి వాయిదా పడింది. సర్వీస్ సెంటర్‌లో రాయని ఫారం ఇంకా నా బ్యాగులోనే ఉంది. ప్రతినెలా 500 'కారు సొట్టల ఖాతా' అని ఇద్దరం కలిసి వేస్తున్నాం. ఇందులో ఎవరి సొట్టకైనా తీసుకోవచ్చు, పేరు మాత్రం నిజం చెప్పాలి అన్నది మా అమ్మాయి పెట్టిన షరతు. వాచ్‌మన్ ఆ పిల్లర్‌కి పాత దుప్పటి ఒకటి తాడుతో చుట్టాడు. ఆ తర్వాతి శుక్రవారం నేనే కారు తీసుకుని రైతుబజారుకి వెళ్ళొచ్చాను. పార్కింగ్‌లో కొంచెం చెమట పట్టిన మాట నిజమే.

మీరూ ఇవాళ వంటిల్లు సర్దుకున్నాక ఆ పాలసీ కాగితం ఒక్కసారి బయటికి తీయండి. ఓన్ డ్యామేజ్ ఎంత, బోనస్ ఎంత శాతం, విడిగా తీసుకున్న రక్షణలు ఏవి, ఈ మూడూ చూసి ఫ్రిజ్ మీద రాసిపెట్టుకోండి. సొట్ట పడ్డ రోజు మన చేతులు వణుకుతుంటాయి. ఆ రోజు లెక్క కుదరదు.